ద్రవ్యోల్బణం తగ్గినా అధికార పార్టీలు ఎందుకు ఓడిపోతున్నాయి? ఓటుకు ముందు వేసుకోవాల్సిన లెక్కలు

[తెరపై: రెండు వార్తా శీర్షికలు పక్కపక్కన. "దిగొచ్చిన ద్రవ్యోల్బణం". "అధికార పార్టీ చిత్తు".]

వ్యాఖ్యానం: ఈ రెండు వార్తలూ ఒకే దేశంలో ఒకే సమయంలో రావడం ఈ మధ్య మామూలైపోయింది. 2024 నవంబరులో అమెరికాలో అదే జరిగింది. 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎగబాకిన ద్రవ్యోల్బణం ఎన్నికల నాటికి 2.6 శాతానికి వచ్చింది. అధికార పార్టీ ఆ తగ్గుదలను చూపించి ఓట్లు అడిగింది, ఓడిపోయింది. జనానికి లెక్కలు రావని కొందరు విశ్లేషకులు పెదవి విరిచారు. జనం వేసిన లెక్క తప్పేమీ కాదు. వాళ్లు చూసిన అంకె వేరు.

[తెరపై: 100 → 110 → 116.6 → 120.1]

ఒక కుటుంబం నెల ఖర్చు 100 అనుకుందాం. మొదటి ఏడాది ధరలు 10 శాతం పెరిగాయి, రెండో ఏడాది 6, మూడో ఏడాది 3. ద్రవ్యోల్బణం మూడింట ఒక వంతుకు దిగింది కాబట్టి ఆర్థిక మంత్రి గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ ఖర్చు 120 దగ్గర కూర్చుంది. అదే మూడేళ్లలో జీతం ఏటా 4 శాతం చొప్పున పెరిగితే 112.5 అవుతుంది. అంటే ఆ జీతంతో కొనగలిగేది సుమారు 6 శాతం తగ్గింది.

ఇప్పుడు ఇంకో మెట్టు ముందుకు. నాలుగో ఏడాది నుంచి జీతాలు ధరలకన్నా ఏటా 1 శాతం ఎక్కువగా పెరుగుతాయనుకోండి. ఆ కుటుంబం పాత స్థితికి రావడానికి దాదాపు 7 ఏళ్లు పడుతుంది. 2 శాతం ఎక్కువైతే మూడేళ్ల పైచిలుకు. చాలా దేశాల్లో ప్రభుత్వం గడువు నాలుగైదేళ్లే. ధరలు ఎగిసిన కాలంలో కుర్చీలో ఉన్నవాళ్లు, కోలుకునే లోపే ఓటర్ల ముందుకు వెళ్లాల్సి వస్తుంది. అమెరికాలో 2021 జనవరికీ 2024 అక్టోబరుకూ మధ్య ధరల సూచీ 20 శాతం పైనే పెరిగింది. ఓటర్లు చూసింది ఈ అంకెను.

[తెరపై: అప్పు 1,00,000. గడువు 30 ఏళ్లు. వడ్డీ 3%: నెలకు 422. వడ్డీ 7%: నెలకు 665.]

సూచీలో కనిపించని దెబ్బ ఇంకోటి ఉంది. అమెరికా, యూరో దేశాలతో సహా చాలాచోట్ల వినియోగదారుల ధరల సూచీలో ఇంటి అప్పు మీద వడ్డీని కలపరు. ధరలను అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుతుంది, ద్రవ్యోల్బణం దిగుతుంది, కొత్తగా ఇల్లు కొనేవాళ్ల నెలవాయిదా మాత్రం పెరుగుతుంది. 3 శాతం వడ్డీ 7 అయితే అదే అప్పుకు వాయిదా 58 శాతం పెరుగుతుంది. అమెరికాలో 30 ఏళ్ల గృహరుణం రేటు 2021 మొదట్లో 3 శాతం లోపే ఉండేది, 2023 అక్టోబరులో 8 శాతం దరిదాపుల్లోకి వెళ్లింది. ప్రభుత్వ ప్రకటనలో "ధరలు అదుపులోకి వచ్చాయి" అనే మాట నిజం. ఇల్లు కొనలేకపోయిన జంట కోపమూ నిజమే.

[తెరపై: పెద్ద అక్షరాల్లో "ఏది ఎవరి చేతిలో ఉంది?"]

కోపం సరే, ఎవరి మీద? పార్టీలు ఉద్దేశపూర్వకంగా కలిపేసే విషయం ఇదే. మంచి జరిగితే మా ఘనత, చెడు జరిగితే ప్రపంచ పరిస్థితులు.

స్వల్పకాలిక వడ్డీ రేటు కేంద్ర బ్యాంకుది. బ్రిటన్‌లో 1997 మేలో ఆ అధికారాన్ని ఆర్థిక మంత్రి నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ఇచ్చేశారు. వడ్డీ మార్పు ప్రభావం ధరల మీద పూర్తిగా కనపడటానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది కాబట్టి, ఇవాళ అనుభవిస్తున్నది చాలాసార్లు వెనకటి ప్రభుత్వం కాలంలో తీసుకున్న నిర్ణయం. అంతర్జాతీయ ముడిచమురు ధర ఏ ఒక్క ప్రభుత్వం చేతిలోనూ లేదు. ఆ చమురు మీద వేసే పన్ను మాత్రం పూర్తిగా ప్రభుత్వానిదే. పన్నులు, సబ్సిడీలు, నియామకాలు, లోటు ఎంత ఉండాలి, అప్పు దేనికి వాడాలి, ఇళ్ల అనుమతులు ఎంత త్వరగా ఇవ్వాలి... ఇవన్నీ పాలకుల బాధ్యత, ఇక్కడ సాకులు చెల్లవు.

మేలు చేయడానికి ఏళ్లు పడుతుంది. చెడగొట్టడానికి వారాలు చాలు. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించింది. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు, స్వతంత్ర బడ్జెట్ సంస్థ అంచనానూ వెలువరించలేదు. ప్రభుత్వ అప్పు పత్రాలైన బాండ్లను అమ్ముకోవడానికి మదుపరులు ఎగబడ్డారు, వడ్డీ రేట్లు ఎగిశాయి, పెన్షన్ నిధులు ఇరుక్కున్నాయి. సెప్టెంబరు 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్లు కొనడానికి దిగింది. అక్టోబరు 20న ట్రస్ రాజీనామా ప్రకటించారు. ఇందులో ప్రపంచ పరిస్థితులను నిందించడానికి పెద్దగా చోటు లేదు.

[తెరపై: గ్రీస్, శ్రీలంక పటాలు]

పార్టీ మారినా విధానం మారకపోవడం చూస్తే ఇంకా ఎక్కువ మండుతుంది. దీని వెనక చాలాసార్లు ఉండేది అప్పులిచ్చినవాళ్ల షరతులు. గ్రీస్‌లో 2015 జూలై 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 61.3 శాతం మంది పొదుపు షరతులు వద్దన్నారు. బ్యాంకులు మూతబడి ఉన్నాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇస్తున్నారు. జూలై 13 నాటికి అదే ప్రభుత్వం కొత్త షరతులకు ఒప్పుకుంది. సొంత కరెన్సీ లేదు, ఖజానా ఖాళీ. అలాంటప్పుడు ఓటు ఎంత గట్టిగా పడినా బేరమాడే శక్తి రాదు.

శ్రీలంక కథలో రెండు వైపులూ కనిపిస్తాయి. 2019 ఎన్నికల తరువాత కొత్త ప్రభుత్వం కొనుగోళ్ల మీద వేసే పన్ను వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. రాబడి పడిపోయింది, దానిమీద కోవిడ్ వచ్చి పర్యాటకం ఆగిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేశారు. ఆ సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 70 శాతం అంచులకు వెళ్లింది. తరువాత అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో అప్పు ఒప్పందం, 2024 జనవరి నుంచి వ్యాట్ 18 శాతం. జనం కసి తీర్చుకున్న తీరు అసాధారణం: అంతకుముందు 3 సీట్లే ఉన్న కూటమికి 2024 నవంబరులో 225లో 159 ఇచ్చారు. దశాబ్దాలుగా ఏలిన పెద్ద పార్టీలు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా కొత్త ప్రభుత్వం ఐఎంఎఫ్ కార్యక్రమాన్నే కొనసాగించింది. మోసం అని వెంటనే అనేయొచ్చు. కానీ ఒప్పందం తెంచుకుంటే డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు ఉండాలి కదా.

[తెరపై: బ్రిటన్ 2024. లేబర్: ఓట్లు 33.7%, సీట్లు 650లో 411. రిఫామ్: ఓట్లు 14.3%, సీట్లు 5.]

సరే, రెండు పెద్ద పార్టీలూ నచ్చకపోతే? ఇక్కడ ఎన్నికల పద్ధతి అడ్డుపడుతుంది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో అసంతృప్తి కొలతకు అందదు. 1951లో బ్రిటన్‌లో రెండు పెద్ద పార్టీలకు కలిపి 96.8 శాతం ఓట్లు పడ్డాయి. 2024లో 57.4. అయినా సభలో ఒకే పార్టీకి భారీ ఆధిక్యం. 2019తో పోలిస్తే లేబర్ వాటా పెరిగింది 1.6 పాయింట్లే, ఓట్ల సంఖ్య నిజానికి తగ్గింది, సీట్లు మాత్రం రెట్టింపయ్యాయి. ఓడినవాళ్ల మీది కోపాన్ని గెలిచినవాళ్లు తమ మీది ప్రేమగా చదువుకుంటే, రెండేళ్లు తిరక్కుండానే వాళ్లూ అదే కోపానికి గురవుతారు.

ఓట్ల వాటాను బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతిలో అయితే పాత పార్టీలు నిజంగానే కరిగిపోతాయి. గ్రీస్‌లో పాత పెద్ద పార్టీ పాసోక్‌కు 2009లో 43.9 శాతం, 2015 జనవరిలో 4.7 శాతం. అయితే అక్కడ గెలిచినవాళ్లు పొత్తులు కుదుర్చుకోవాలి. ఆ బేరంలో ఏ హామీ ఎవరు వదిలేశారో ఓటరుకు తెలియడం కష్టం.

ఇక "ఎవరూ వద్దు" మీట. భారత్‌లో 2013 నుంచి నోటా ఉంది. 2024లో ఇందోర్‌లో 2,18,674 మంది అది నొక్కారు. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకే అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా, దాని తరువాతి స్థానంలో ఉన్న అభ్యర్థి గెలుస్తాడు. కొలంబియాలో ఖాళీ ఓట్లు సగానికి మించితే వేరే అభ్యర్థులతో ఒకసారి మళ్లీ ఎన్నిక పెట్టాలని రాజ్యాంగమే చెబుతుంది. కోరలున్న నోటాకూ లేని నోటాకూ తేడా అది. లేనిచోట దాన్ని నిరసనగా నొక్కండి, ఫలితం మారుతుందని నొక్కకండి.

[తెరపై: కాగితం, పెన్ను, కాలిక్యులేటర్]

ఇప్పుడు చేతిలో పెట్టుకోదగ్గ పని. గంట చాలు.

ముందుగా జాతీయ గణాంక సంస్థ వెబ్‌సైటులో ధరల సూచీ తీసుకోండి. ప్రభుత్వం ప్రమాణం చేసిన నెలలో సూచీ ఎంత, తాజా నెలలో ఎంత? రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. సగటు వేతనానికీ అదే చేయండి. వేతన నిష్పత్తి ధరల నిష్పత్తిని దాటితే జీవితం మెరుగైంది, లేకపోతే లేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఆధార సంవత్సరం (సూచీని 100గా తీసుకునే ఏడాది) దగ్గర: మధ్యలో సూచీని కొత్త ఆధారానికి మార్చి ఉంటే రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు, సంస్థ ఇచ్చే అనుసంధాన గుణకంతో గుణించాకే పోల్చాలి.

వృద్ధి రేటు దగ్గర రెండు ఉచ్చులున్నాయి. ఆర్థిక వ్యవస్థ 100 నుంచి 20 శాతం పడి 80కి వచ్చి, మరుసటి ఏడాది 20 శాతం లేస్తే 96 అవుతుంది, 100 కాదు. "రికార్డు వృద్ధి" అన్నప్పుడు పడకముందు ఎంత ఉందో వెతకండి. రెండోది జనాభా. 2023లో కెనడా జనాభా 3.2 శాతం పెరిగింది, జీడీపీ అంత పెరగలేదు, తలసరి తగ్గింది. తలసరి అంకె చూపించని ప్రకటనను సగం ప్రకటనగానే లెక్కేయండి.

తరువాత అదే గడ్డుకాలంలో, అదే స్థాయిలో ఉన్న మూడు నాలుగు దేశాలతో పోల్చండి. చమురు దెబ్బ అందరికీ తగిలింది కదా, మన దేశానికే ఎందుకు ఎక్కువ తగిలింది? ఆ తేడాలోనే పాలన బాగోగులు ఎక్కువగా బయటపడతాయి.

మ్యానిఫెస్టో హామీకి నాలుగు ప్రశ్నలు. ఏడాదికి ఎంత? ఎక్కడి నుంచి? ఏ చట్టం కావాలి? మొదటి ఏడాదిలో ఎంత? పెద్ద మొత్తం చెప్పి "ఐదేళ్లలో" అంటే ముందు అయిదుతో భాగించండి. అందులో ఇప్పటికే నడుస్తున్న పథకం సొమ్ము ఉంటే తీసేయండి. ప్రభుత్వ హామీతో కార్పొరేషన్లు తెచ్చే అప్పును కలిపి ఉంటే పక్కన రాసుకోండి. బడ్జెట్ లోటులో అది కనిపించదు, తీర్చాల్సి వచ్చినప్పుడు మాత్రం కనిపిస్తుంది.

చివరగా బడ్జెట్ పుస్తకం. ఖర్చుల్లో ముందు వడ్డీ, జీతాలు, పెన్షన్లు తీసేయండి. మిగిలినదాన్నే ఏ పార్టీ అయినా తన ఇష్టప్రకారం మళ్లించగలదు. భారత్‌లో ప్రతి పద్దుకూ మూడు అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. ప్రసంగంలో వినిపించేది మొదటిది. మూడోది దాదాపు రెండేళ్ల తరువాతి పుస్తకంలో వస్తుంది, దాని గురించి ఎవరూ ప్రసంగాలు చేయరు. మీకు ముఖ్యమైన ఒక్క శాఖ ఎంచుకుని, ఈ ఏడాది పుస్తకంలోని వాస్తవ ఖర్చును అదే ఏడాదికి రెండేళ్ల క్రితం ప్రకటించిన అంచనా పక్కన రాయండి. తేడా 20 శాతం దాటితే, సభకు వచ్చిన అభ్యర్థిని అడగడానికి ప్రశ్న దొరికినట్టే.