హైదరాబాద్ షోరూంలో మన మండువా కుర్చీ

హైదరాబాద్‌లో పాత వాలు కుర్చీ కోసం గురువారం జుమేరాత్ బజార్ అంతా తిరిగి, దొరక్క ఏదో షోరూంలో తళతళలాడేదానికి వేలకి వేలు పోసొచ్చే మన గోదావరి జిల్లాలవాళ్లకే ఈ వీడియో. తిరగొద్దనట్లేదండి, తిరగడంలో సరదా ఉంది. కానీ కోనసీమలో మండువా లోగిళ్లు పడగొడుతుంటే తలుపులు, దూలాలు, స్తంభాలతో పాటు కుర్చీలు కూడా లారీ ఎక్కేస్తున్నాయి కదా, అవన్నీ ఎటు పోతున్నాయనుకుంటున్నారు? ముందు అమ్మమ్మగారింటి అటక చూడండి.

మన వైపు మంచి టేకు ఉందంటే గోదావరి చలవే. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలు నీళ్లమీదే రాజమండ్రి చేరేవి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బర్మాలోని రంగూన్‌కి ఓడలు తిరిగిన రోజులూ ఉన్నాయి, కాబట్టి ముసలాళ్లు బర్మా టేకు అంటే కోతలనుకోకండి. అలాగని అమ్మేవాడు ప్రతి కుర్చీకీ ఆ పేరే తగిలిస్తే నమ్మేయకండి.

కుర్చీ కనబడగానే కూర్చోకండి, తిరగేయండి. అడుగున పాలిష్ సరిగా వేయరు, అసలు చెక్క అక్కడే తెలుస్తుంది. తల మీద ప్లస్ గుర్తులా గాడి ఉండే స్టార్ స్క్రూలు వచ్చిందే 1930లలో, వందేళ్ల కుర్చీ అని చెప్పి అవి కనబడితే కనీసం రిపేరైనా జరిగినట్టు. సీటు ఫ్రేము చుట్టూ వరసగా బెజ్జాలుంటే ఒకప్పుడు పేము అల్లిక ఉండేదన్నమాట, తర్వాతెవరో ప్లైవుడ్ కొట్టి ఫోమ్ వేశారు.

డెల్టా కుర్చీకి ఇంకో పరీక్ష ఉంది, కాళ్ల చివర్లు. 1986 వరదలాంటివి చూసిన ఇళ్లివి, నానిన కాళ్లు పుచ్చిపోతే అంతమేరా కోసేసి అమ్మేస్తారు, అందుకే కాలి మీద చెక్కుడు పని మధ్యలో తెగినట్టుందేమో చూడండి, మామూలు కుర్చీ అయితే నేల నుంచి సీటు దాకా టేపు పెట్టండి, 17, 18 అంగుళాలు ఉండాలి.

సోఫా అయితే గుడ్డ ఎత్తి చూపించమనండి. పాతవాటిలో స్ప్రింగులు, గోనె పట్టీలు, కొబ్బరి పీచు ఉంటాయి. పీచు చూసి మొహం చిట్లిస్తే ఎలా, కోనసీమవాళ్లమై ఉండి! అది మార్చుకోవచ్చు. కింద కాగితం పరిచి ఫ్రేము తట్టినప్పుడు సన్నటి పిండి రాలిందో, పురుగు ఇంకా తింటోంది, వదిలేయండి.

పాలిష్ వేయించి ఇస్తానంటే మాత్రం వద్దనండి. పాలిష్ ఎక్కాక పుట్టీ పెట్టిన బొక్కలు కనబడవు. ఉన్నదున్నట్టు తెచ్చుకుని మీ ఊరి వడ్రంగికి ఇవ్వండి. పేము అల్లేవాళ్లు ఎవరైనా దొరికితే ఫోన్ నంబరు జాగ్రత్తగా దాచుకోండి, వాళ్లు దొరకడమే కష్టంగా ఉందిప్పుడు.