తుమ్ముకు, దగ్గుకు భయపడకుండా: మూత్రం ఆపుకోలేని సమస్య, ఒక వ్యాయామం

నమస్కారం. ఒక కుర్చీ తెచ్చుకుని కూర్చోండి. ఈ రోజు కలిసి ఒక వ్యాయామం చేద్దాం. దానికి ముందు నా సంగతి కొంచెం చెబుతాను.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రెండో కాన్పు తర్వాత తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా నాకు మూత్రం పడేది. ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే సుద్దపొడికి తుమ్ము వచ్చింది. చీర తడిసింది. గంట కొట్టేదాకా బల్ల వెనక నుంచి కదల్లేదు. ఆ తర్వాత అన్నీ ముదురు రంగు చీరలే. పెళ్లికి వెళ్తే ముందు చూసేది వధూవరులను కాదు, బాత్‌రూమ్ ఎక్కడుందో. కొన్నాళ్లకు పెళ్లిళ్లకే వెళ్లడం మానేశాను.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. బడి ఉన్న రోజు నీళ్లు తాగేదాన్ని కాదు. మీలో చాలామంది ఇదే చేస్తూ ఉంటారు. దయచేసి మానండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలబద్ధకం వస్తుంది, ముక్కీ ముక్కీ కింది కండరాలు మరింత వదులవుతాయి. రోజంతా కొద్దికొద్దిగా తాగండి, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. కాఫీ, టీలు కూడా తగ్గించి చూడండి.

మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక రాత్రి మా అక్కకు ఫోనులో చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, "నాకూ అంతేనే" అంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరం ఇన్నేళ్లు ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం! ఇద్దరం ఏడ్చాం. మర్నాడే డాక్టరు దగ్గరకు వెళ్లాం, ఆమె ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. మీరు కూడా ఒక్కరికైనా చెప్పండి. భర్తకో, చెల్లెలికో, ఎవరో ఒకరికి.

ఇక వ్యాయామం. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి ఊయలలా మోసే కండరాలు కొన్ని ఉంటాయి. కాన్పుల్లో అవి సాగుతాయి, వయసుతో బలం తగ్గుతాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవారికి కూడా ఈ వ్యాయామమే చెబుతారు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లో దీని గురించి రాశాడు, అందుకే కెగెల్ వ్యాయామం అంటారు.

వెన్ను నిటారుగా పెట్టండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటాం కదా, అలా బిగించండి. దాంతోపాటు మూత్రం ఆపుతున్నట్టు ముందువైపు కూడా బిగించి లోపలికి, పైకి లాగండి. చేతి కింద పొట్ట గట్టిపడకూడదు. తొడలు, పిరుదులు కదలకూడదు. ఊపిరి బిగపట్టకండి.

బిగించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇప్పుడు వదలండి. పూర్తిగా వదలాలి, ఎంతసేపు బిగించామో అంతసేపు విశ్రాంతి ఇవ్వాలి. మొదట్లో మూడు అంకెలకే జారిపోతే మూడే చేయండి, నాకు కూడా అంతే వచ్చేది. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కనీసం మూడు నెలలు వదలకుండా చేయాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ఆపి సాధన చేయకండి, అది మంచిది కాదు.

తుమ్ము వస్తుందని తెలియగానే ఆ అరక్షణంలో ముందే బిగించండి. అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. ఇప్పుడు సుద్దపొడి లేచినా చెయ్యి ముక్కు దగ్గరకు వెళ్లేలోపే కండరం బిగుస్తుంది.

కొందరికి తుమ్ముతో పని లేదు, తాళం తీస్తుండగానే ఆగలేనంత ఒత్తిడి వస్తుంది. అప్పుడు పరుగెత్తకండి. నిలబడండి, వీలైతే కూర్చోండి. ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. ఆ ఒత్తిడి అల లాంటిది, లేస్తుంది, తగ్గుతుంది. తగ్గాక నెమ్మదిగా నడవండి. మూడు రోజుల పాటు ఎప్పుడు ఎంత తాగారో, ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు తడిసిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. డాక్టరుకు అది చాలా ఉపయోగం.

బయటికి వెళ్లేటప్పుడు నెలసరి ప్యాడ్లు కాకుండా మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు అడిగి కొనండి. మూత్రాన్ని త్వరగా పీల్చుకునేవి అవే. తడిసిన ప్యాడ్ వెంటనే మార్చండి, కడుక్కుని మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. ఇంట్లో పెద్దవారికి ఈ ఇబ్బంది ఉంటే బాత్‌రూమ్ దారిలో రాత్రంతా చిన్న దీపం ఉంచండి. చీకట్లో తొందరపడి పడిపోతారు. పక్క తడిపారని మాత్రం అందరి ముందూ అనకండి.

మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉంటే వ్యాయామంతో సరిపెట్టుకోకండి, డాక్టరును కలవండి. నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనమై, తొడల మధ్య తిమ్మిరెక్కి, ఒక్కసారిగా ఆపుకోలేకపోతే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

మనం ఒక్కసారే చేశాం, ఇంకా తొమ్మిది ఉన్నాయి. కుర్చీలోంచి లేవకండి. చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. బిగించండి. ఒకటి, రెండు, మూడు...