ఆసుపత్రిని మార్చే ముందు ఎవరిని, ఎప్పుడు అడగాలి?

శ్రోతలకు నమస్కారం. ఆసుపత్రులనూ ఆరోగ్య కేంద్రాలనూ పునర్వ్యవస్థీకరించేటప్పుడు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ గురించి ఈ ప్రసంగంలో ముచ్చటిస్తాను. ప్రజలను అడిగారా లేదా అన్నది ఇందులో సగం ప్రశ్న మాత్రమే. నిర్ణయం ఇంకా మారగలిగే దశలో అడిగారా లేదా అన్నది మిగిలిన సగం. నా దృష్టిలో అదే అసలు ప్రశ్న.

లండన్ ఆగ్నేయ భాగంలో లూయిషమ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆసుపత్రి ఉన్నంతలో సజావుగానే నడుస్తూ ఉండేది. ఇబ్బంది దాని పొరుగున ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే సౌత్ లండన్ హెల్త్‌కేర్ ట్రస్టు అనే సంస్థది. ప్రైవేటు పెట్టుబడితో కట్టించుకున్న భవనాల తాలూకు చెల్లింపుల భారం కూడా తోడై, ఆ ట్రస్టు వారానికి పది లక్షల పౌండ్లకు పైగా నష్టపోతుండడంతో, 2012 జూలైలో ప్రభుత్వం దానికి ఒక ప్రత్యేక పాలనాధికారిని నియమించింది. ఆయన తన పరిధిలోని ఆసుపత్రులతో ఆగకుండా, ఏ సంబంధమూ లేని లూయిషమ్‌లో అత్యవసర విభాగాన్నీ ప్రసూతి విభాగాన్నీ కుదించాలని కూడా సిఫార్సు చేశారు. అప్పు ఒకరిది, కోత మరొకరికి.

అభిప్రాయ సేకరణ జరగలేదా అంటే, జరిగింది. చట్టం అందుకు ఇచ్చిన గడువు ముప్పై పనిదినాలు. అది 2012 డిసెంబరు మధ్యలో ముగిసింది. నెల తిరగకముందే తుది నివేదిక మంత్రిగారి బల్ల మీదికి చేరింది. నడుమ క్రిస్మస్ సెలవులు కూడా వచ్చాయని మరువరాదు. 2013 జనవరిలో వేలాది మంది వీధుల్లోకి వచ్చి ఊరేగింపు జరిపినా, ఆ నెలాఖరున ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్ కొద్ది మార్పులతో ఆ ప్రతిపాదనను ఆమోదించారు. జూలైలో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది, అక్టోబరులో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పునే బలపరిచింది. పాలనాధికారి అధికారం ఆయనకు అప్పగించిన ట్రస్టు వరకే పరిమితమని న్యాయస్థానాలు చెప్పాయి. అంటే ఆసుపత్రిని నిలబెట్టింది ప్రజలు నింపి ఇచ్చిన ప్రశ్నపత్రాలు కావు, చట్టంలోని ఒక హద్దు. ఆ హద్దును కూడా పార్లమెంటు 2014 నాటి సంరక్షణ చట్టంతో సడలించింది.

అభిప్రాయ సేకరణ ఎలా ఉండాలో ఆ దేశపు న్యాయస్థానాలు అంతకు చాలా ముందే చెప్పాయి. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ మీద నడిచిన గన్నింగ్ కేసు ఆసుపత్రికి సంబంధించినది కాదు, బడుల మూసివేతకు సంబంధించినది. ఆలోచన ఇంకా రూపు దిద్దుకుంటున్నప్పుడే అడగాలనీ, జవాబు చెప్పేవారు తూచి చూసుకునేందుకు తగిన కారణాలు ముందుంచాలనీ, చాలినంత వ్యవధి ఇవ్వాలనీ, వచ్చిన అభిప్రాయాలను నిర్ణయానికి ముందు చిత్తశుద్ధితో పరిశీలించాలనీ అందులో తేల్చారు. నాలుగింటిలోనూ మొదటిదే కష్టం. ముసాయిదా సిద్ధమయ్యాక దాన్ని తయారుచేసిన అధికారికే ఆ కాగితం మీద మమకారం పుడుతుంది.

అలాగని జనం వద్దన్న ప్రతి మార్పూ చెడ్డదని నేను అనను. 2010లో లండన్‌లో పక్షవాతపు అత్యవసర చికిత్సను ఎన్నో ఆసుపత్రుల నుంచి తప్పించి ఎనిమిది ప్రత్యేక కేంద్రాలకు పరిమితం చేశారు. అంబులెన్సు దగ్గరి ఆసుపత్రిని దాటి దూరంగా ఉన్న కేంద్రానికి వెళ్తుంటే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది. కానీ ఆ మార్పు తరువాత మరణాలు తగ్గాయని పరిశోధనలు చూపాయి. ఇలాంటి లెక్కలను ప్రజల ముందు విప్పి పెడితే వారు అర్థం చేసుకోలేరని అనుకోవడం అధికారుల అపోహ.

ఇక మన సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల పరిశ్రమలకూ గనులకూ అనుమతి ఇవ్వాలంటే, కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇచ్చి, జిల్లా యంత్రాంగం సమక్షంలో బహిరంగ విచారణ జరపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి మార్చడానికి అంతటి కట్టుబాటు లేదు. మైదానంలో ముప్పై వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో ఇరవై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. జనాభా లెక్కతో గీసిన పటంలో వానాకాలంలో పొంగే వాగు కనిపించదు. ఆ కేంద్రానికి దారి తీసే రోడ్డు ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో, అక్కడి నుంచి గర్భిణిని డోలీలో ఎంత దూరం మోయాలో పాడేరు కొండల్లోని మనిషికి తెలుస్తుంది.

మనకున్న ఒక ఆసరా సమాచార హక్కు చట్టం, 2005. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని దాని నాలుగో సెక్షన్ ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తోంది. ప్రజలను అడిగి తీరాలని అది చెప్పదు, నిజమే. అయినా మీ ప్రాంతంలో ప్రసూతి వార్డునో రక్తపరీక్షల గదినో తరలిస్తారన్న మాట వినిపించినప్పుడు, ఉత్తర్వు వెలువడేదాకా ఆగకుండా, గత ఏడాది అక్కడ ఎన్ని కాన్పులయ్యాయో, రాత్రిపూట 108 వాహనం రావడానికి ఎంతసేపు పడుతోందో, కొత్త చోట నర్సు పోస్టులు భర్తీ అయ్యాయో లేదో రాతపూర్వకంగా అడగవచ్చు. ఆ జవాబులు పంచాయతీ కార్యాలయం గోడ మీద, అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలని కూడా పట్టుబట్టవచ్చు.