77 అక్షరాల జన్యువును ఖొరానా ఎలా కట్టారు?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ల్యాబ్‌లో ఏ, టీ, జీ, సీ అనే రసాయన అక్షరాలను ఒక్కోటీ అతికిస్తూ డీఎన్ఏ పోగు కడుతున్నారనుకోండి. నూటికి తొంభై అతుకులు సరిగ్గా పడుతున్నాయి. బాగానే ఉందనిపిస్తుంది కదా? కానీ 20 అతుకులయ్యేసరికి సరైన సరుకు నూటికి 12 పాళ్లే మిగులుతుంది. 76 అతుకులకైతే పదివేలకు 3. మిగతాదంతా చెత్త. అదీ అసలు సరుకులాగే ఉండే చెత్త, ఏరడానికి ప్రాణం పోతుంది.

1960ల్లో శాస్త్రవేత్త హర్ గోబింద్ ఖొరానాకు ఎదురైన చిక్కు ఇలాంటిదే. ఆయన బృందం అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో కట్టాలనుకున్నది ఈస్ట్‌ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) లోని అలనిన్ టీఆర్ఎన్ఏ జన్యువు. ప్రోటీన్ తయారీకి అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువే ఈ టీఆర్ఎన్ఏ. 77 అక్షరాలు, రెండు పోగులు. పైగా ఒక్కో అక్షరానికీ రియాక్షన్ జరగగల చోట్లు చాలా ఉంటాయి. అక్కర్లేని చోట్ల రసాయన మూతలు బిగించాలి, అతుకు వేయాలి, శుద్ధి చేయాలి, మళ్లీ మొదలుపెట్టాలి.

మొత్తం కెమిస్ట్రీతోనే కడదామని ఖొరానా పంతానికి పోలేదు. నాకు ఆయనలో నచ్చేది ఇదే. 5 నుంచి 20 అక్షరాలుండే 15 ముక్కలు మాత్రం చేయించి, అక్కడ ఆపారు. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు చూశారా? కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడనివ్వడు. ఇక్కడా అంతే. ఒక పోగులో అతుకు వచ్చే చోట ఎదుటి పోగులో ముక్క నడుమ భాగం ఉంటుంది. ఏ వచ్చి టీతో, జీ వచ్చి సీతో జతకడతాయి కాబట్టి ముక్కలు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

ఇక సందులు పూడ్చాలి. అది లైగేజ్ పని. బ్యాక్టీరియాను పట్టే టీ4 వైరస్ తాలూకు ఎంజైమ్ ఇది. ముక్కలు సరిగ్గా జతకూడితే చాలు, మూతల గొడవ లేకుండా అతికేస్తుంది. ఊరికే కాదు, కూలి ఏటీపీ రూపంలో, అంటే కణాలకు శక్తినిచ్చే అణువు రూపంలో ఇవ్వాలి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టింది ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడనుకోండి.

1970కి జన్యువు తయారైంది. అయితే దాన్ని చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో కణానికి చెప్పే భాగం అందులో లేదు. తర్వాత అమెరికాలోనే ఎంఐటీ అనే విద్యాసంస్థలో ఖొరానా బృందం, ఆ భాగంతో సహా ఇంకో టీఆర్ఎన్ఏ జన్యువు కట్టారు. 1976లో దాన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలో పరీక్షించారు. మ్యుటేషన్ వల్ల మధ్యలో ఆగిపోయే ప్రోటీన్ తయారీ, ఈ జన్యువు ఉన్నచోట ఆగకుండా ముందుకు సాగింది.