మామయ్యగారిని ఫుటీ మ్యాచ్‌కి తీసుకెళ్తే ఆడిట్ మొదలుపెట్టారు | సిడ్నీ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పోయిన వీడియోలో హారిస్ పార్క్ కూరగాయల కొట్లు చూపించాను కదా, దానికి మంచి వ్యూస్ వచ్చాయి. ఇక్కడ బెండకాయలు కిలో ఎంతో చెప్తే చాలు, మనవాళ్ళు చివరిదాకా చూస్తారు. ఈ వీడియోకి అన్ని రావని నాకు తెలుసు. అయినా తీస్తున్నానంటే మా బాబాయ్ వల్లే. "ఇంటి దగ్గరే స్టేడియం ఉందంటావు, ఒక్కసారైనా లోపల చూపించవేంటమ్మా" అని తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. పైగా మా అత్తయ్యగారు, మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. అత్తయ్యగారేమో ఈ చలికి గుమ్మం దాటనన్నారు. మామయ్యగారు మాత్రం మంకీ క్యాప్, మఫ్లర్, లోపల రెండు స్వెట్టర్లు వేసుకుని, నాకంటే ముందే రెడీ అయి సోఫాలో కూర్చున్నారు.

జూలైలో ఇక్కడ చలికాలం అండీ. రాత్రి 8 గంటలకి ఫుటీ మ్యాచ్, ఇక్కడ ఫుటీ అంటే రగ్బీ లీగ్. వెస్ట్‌మీడ్‌లో లైట్ రైల్ ఎక్కి ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ స్క్వేర్‌లో దిగితే, అక్కణ్ణుంచి కామ్‌బ్యాంక్ స్టేడియానికి నడిచిపోవచ్చు. దారంతా నీలం, పసుపు జెర్సీలే. మా ఊరి టీము పరమట్టా ఈల్స్. టికెట్ ఒక్కొక్కరికి 35 డాలర్లు. డాలరుకి 58 రూపాయలు వేసుకోండి, 2,030 రూపాయలు. లోపల ఒక బకెట్ చిప్స్ 9 డాలర్లు, అంటే 522. మామయ్యగారు ఆ బకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో బంగాళాదుంపలు రెండున్నాయేమో అమ్మా" అన్నారు. అది వీడియోలో కూడా పడింది, తీసెయ్యలేదు.

రగ్బీ లీగ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. టీముకి 13 మంది. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ముందుకి విసరకూడదు. ఎదుటివాళ్ళు మనల్ని ఆరుసార్లు పట్టి పడేసేలోపు అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించాలి, లేకపోతే బంతి వాళ్ళ చేతికి పోతుంది. మామయ్యగారు చూస్తూనే "కబడ్డీకి బంతిచ్చినట్టుంది" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట, ఆ రెండూ కలిపితే ఇక్కడివాళ్ళకి కోపం వస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది. మామయ్యగారు సహకార శాఖలో ఆడిటర్‌గా రిటైరయ్యారు. ఆట అర్థమవడానికి ఆయనకి పది నిమిషాలు పట్టింది, ఆ తర్వాత చూపు ఆట మీద లేదు. జెర్సీ ఛాతీ మీద ఒక కంపెనీ, వీపు మీద ఇంకొకటి, చేతుల మీద వేరు, నిక్కరు మీద వేరు. గడ్డి మీద కూడా రంగుతో ప్రకటనే. అవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి స్టాండ్స్ చూశారు. 30 వేల మంది పట్టే స్టేడియం, ఆ చలికి సగమే నిండింది. "అమ్మా, ఈ టికెట్ల డబ్బుతో కరెంటు బిల్లు కూడా రాదు. వీళ్ళకి జీతాలెవరిస్తున్నారు?"

నేను ఆఫీసులో చేసేది పేరోల్ పనే కాబట్టి ఈ ప్రశ్న నాక్కూడా ఇష్టమే. జవాబు ఒక్క ముక్క: టీవీ. ఇక్కడి లీగ్‌ని ఎన్‌ఆర్‌ఎల్ అంటారు. 2013 నుంచి ఐదేళ్ళకి ప్రసార హక్కులు 102.5 కోట్ల డాలర్లకి, అంటే మన లెక్కలో దాదాపు 6 వేల కోట్ల రూపాయలకి అమ్మారు. తర్వాతి ఐదేళ్ళకి అది 180 కోట్ల డాలర్లయింది, పది వేల కోట్ల పైమాట. మామయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఐపీఎల్ 2023 నుంచి ఐదేళ్ళకి 48,390 కోట్లు కదా అని గుర్తు చేశాను. "అక్కడ చూసేది 140 కోట్ల మందమ్మా. ఈ దేశం మొత్తం కలిపితే మూడు కోట్లు లేరు, అందులో సగం రాష్ట్రాలకి ఈ ఆటే పట్టదంటున్నావు." నిజమే అండీ. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ వైపు వేరే ఫుట్‌బాల్ పిచ్చి. ఈ ఆట ప్రాణమంతా న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్‌లలోనే ఉంది.

వారానికి ఎనిమిది మ్యాచ్‌లు. అందులో మూడు ఛానల్ నైన్‌లో ఫ్రీగా వస్తాయి: గురువారం, శుక్రవారం, ఆదివారం. ఎనిమిదీ చూడాలంటే డబ్బు కట్టే ఫాక్స్‌టెల్ టీవీ గానీ, కాయో యాప్ గానీ ఉండాలి. కాయోకి నెలకి దాదాపు 30 డాలర్లు, 1,740 రూపాయలు. మా వారు సీజన్ అయిపోగానే కట్ చేసి, మార్చి రాగానే మళ్ళీ తీసుకుంటారు. గ్రాండ్ ఫైనల్, స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ మధ్య ఏటా జరిగే పోటీ) మాత్రం ఫ్రీ. పెద్ద మ్యాచ్‌ల మీద ముందు బేరం ఉచిత ఛానళ్ళదేనని ఇక్కడ చట్టం ఉంది. మన దూరదర్శన్‌లో ఇండియా మ్యాచ్‌లు వచ్చేలా 2007లో మనవాళ్ళు చట్టం చేశారు చూడండి, ఉద్దేశం అదే.

మ్యాచ్ మధ్యలో నేనొక పక్కదారి పట్టాను. 1995 నాటి గొడవ చెప్పాను. అప్పట్లో పే టీవీ, అంటే డబ్బు కట్టి చూసే టీవీ, కొత్తగా వస్తోంది, డబ్బా కొనాలంటే జనానికి ఏదో ఎర కావాలి. ఒకవైపు కెర్రీ ప్యాకర్, ఇంకోవైపు రూపర్ట్ మర్డాక్, ఇద్దరూ పెద్ద మీడియా యజమానులు. మర్డాక్ మనుషులు రాత్రికి రాత్రి ఆటగాళ్ళకి, క్లబ్బులకి చెక్కులు రాసి వేరే లీగ్ పెట్టారు. 1997లో ఒకే ఆటకి రెండు లీగులు నడిచాయి, రెండూ కలిపి 22 టీములు. డబ్బు మండిపోయింది. చివరికి రాజీపడి 1998లో ఎన్‌ఆర్‌ఎల్ మొదలుపెట్టారు, 2000 కల్లా 14 టీములకి కోసేశారు. కొన్ని క్లబ్బుల్ని బలవంతంగా కలిపారు. సౌత్ సిడ్నీని గెంటేస్తే వాళ్ళ అభిమానులు వేలకి వేలు రోడ్డెక్కారు, క్లబ్బు కోర్టుకెళ్ళింది, 2002లో తిరిగి వచ్చింది.

"రాజీ తర్వాత లీగ్ ఎవరిది?" అన్నారు మామయ్యగారు. సగం మర్డాక్ న్యూస్ లిమిటెడ్‌ది, 2012 దాకా. హక్కులు కొనే ఫాక్స్ స్పోర్ట్స్‌లోనూ వాళ్ళకి వాటా ఉండేది. ఆయన నవ్వారు. "అమ్మేవాడూ కొనేవాడూ ఒకడే అయితే రేటు ఎంత పెడతారమ్మా? నా సర్వీసులో ఇలాంటి సొసైటీలు చాలా చూశాను." 2012 ఫిబ్రవరిలో ఆటని నడపడానికి స్వతంత్ర కమిషన్ వచ్చింది. నేను చెప్పిన ఆ 102.5 కోట్ల బేరం అదే ఏడాది ఆగస్టులో కుదిరింది. ఎవరికేం అర్థమవ్వాలో అర్థమవుతుంది.

ఇంతలో ఈల్స్ ట్రై కొట్టారు, అంటే గీత దాటి బంతిని నేలకి ఆనించారు. మా ముందు వరసలో మా పక్కింటావిడ కూర్చుని ఉంది. నిజం చెప్పాలంటే చాలాకాలం పాటు ఆవిడ పేరు కూడా నాకు తెలీదండీ. చెత్తడబ్బాలు బయటపెట్టేటప్పుడు చెయ్యి ఊపుకోవడం, అంతే. ఒకరోజు నేను ఈల్స్ జెర్సీలో కనపడ్డాక గేటు దగ్గర అరగంట మాట్లాడింది. మన ఊళ్ళో అయితే దిగిన రోజే పక్కింటివాళ్ళు పాలు ఎక్కడ పోస్తారో చెప్తారు. ఇక్కడ ఒక జెర్సీ కొనాల్సి వచ్చింది. సర్లెండి, ఆ టాపిక్ ఇప్పుడొద్దు.

జీతాల దగ్గరికి వద్దాం. టీవీ డబ్బులో వాటా క్లబ్బులన్నిటికీ ఇస్తారు, కానీ ఆటగాళ్ళ మీద పెట్టే ఖర్చుకి పరిమితి ఉంది. 2023లో అది టీముకి సుమారు 1.2 కోట్ల డాలర్లు, అంటే 70 కోట్ల రూపాయలు. 30 మందికి, మార్చి నుంచి అక్టోబరు దాకా. ఐపీఎల్ 2025 వేలంలో ఒక్కో టీముకి 120 కోట్లు, రెండు నెలల ఆటకి. పరిమితి అనగానే మామయ్యగారు అడిగింది ఒక్కటే: "దొంగ లెక్కలు?"

ఉన్నాయండీ, లేకేం. మెల్‌బోర్న్ స్టార్మ్ టీము రెండు రకాల కాంట్రాక్టులు నడిపింది, లీగ్‌కి చూపించేది ఒకటి, దాచింది ఇంకొకటి. 2010లో బయటపడింది. ఆడిట్‌లో తేలింది 31.7 లక్షల డాలర్లు, పద్దెనిమిది కోట్ల రూపాయల పైన. 2007, 2009 టైటిల్స్ వెనక్కి లాక్కున్నారు, 5 లక్షల డాలర్ల జరిమానా, ప్రైజ్ మనీ వాపసు. అన్నిటికంటే ఘోరం, ఆ సీజన్ మిగతా మ్యాచ్‌లన్నీ పాయింట్లు లేకుండా ఆడించారు. గెలిచినా సున్నాయే. ఆ టీము సొంతదారు ఎవరనుకున్నారు? న్యూస్ లిమిటెడే.

"మరి మనవాళ్ళు?" అని మైదానం వైపు చూపించారు. 2016లో ఈల్స్ కూడా అదే తప్పుకి 12 పాయింట్లు, 10 లక్షల డాలర్లు పోగొట్టుకున్నారని చెప్పాల్సి వచ్చింది. చివరి కప్పు 1986లో. "ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు" అన్నారు వెంటనే. ఏ సంవత్సరం చెప్పినా ఆయన దగ్గర దానికో లంకె ఉంటుంది.

మ్యాచ్ అయ్యాక వేడిగా ఏదైనా తాగుదామని ఒక లీగ్స్ క్లబ్‌కి వెళ్ళాం. గుమ్మంలో లైసెన్స్ చూపించాలి. లోపల ఒకవైపు ఫ్యామిలీలు భోంచేస్తుంటాయి, ఇంకోవైపు చీకటి హాల్లో వరసగా పోకీస్, అదే జూదం మెషీన్లు. ఈ రాష్ట్రంలో క్లబ్బుల్లో వాటికి 1956 నుంచి అనుమతి ఉంది. ("ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ సంవత్సరం." చెప్పాను కదా!) సభ్యులదే క్లబ్, లాభం పంచుకోరు, మెషీన్ల డబ్బులోంచి ఫుటీ టీములకి సాయం వెళ్తుంది. ఒక పెద్దావిడ, మా అత్తయ్యగారి వయసుంటుంది, పక్కన హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని, స్క్రీన్ వైపు కూడా సరిగ్గా చూడకుండా బటన్ నొక్కుతూనే ఉంది. మామయ్యగారు టీ చల్లారేదాకా ఆవిడనే చూశారు. నాకైతే టీవీ డబ్బు మీద లేని బాధ ఈ డబ్బు మీద ఉంది. కెమెరా అక్కడ ఆఫ్ చేశాను, తియ్యనివ్వరు కూడా.

తిరిగొచ్చేటప్పుడు లైట్ రైల్లో కోవిడ్ సంగతి వచ్చింది. 2020 మార్చి 23న ఆట ఆగింది. వందల కోట్లు చూసిన ఆట కొన్ని వారాల్లోనే గిలగిలా కొట్టుకుంది. ఉద్యోగుల్ని ఇంటికి పంపారు, ఆటగాళ్ళ జీతాలు కోశారు. మే 28న ఖాళీ స్టేడియంలో మళ్ళీ మొదలుపెట్టారు, మొదటి మ్యాచ్ మన ఈల్స్‌దే, బ్రిస్బేన్ మీద 34-6తో గెలిచారు. మ్యాచ్ జరిగితేనే టీవీ డబ్బు, అందుకే జనం లేకపోయినా పర్లేదు. 22 డాలర్లు కడితే మన ఫొటోతో అట్టబొమ్మ చేసి సీట్లో కూర్చోబెట్టేవాళ్ళు. 1,276 రూపాయలు. మా వారు కడదామన్నారు, నేను గ్యాస్ బిల్లు చూపించాను.

ఆ దెబ్బతో బుద్ధొచ్చిందేమో, లీగ్‌వాళ్ళు ఇప్పుడు వెనకేసుకుంటున్నారు. 2024లో మిగులు 6 కోట్ల డాలర్ల పైనే. 2022లో బ్రిస్బేన్ స్టేడియం దగ్గర ఒక హోటల్ కూడా కొన్నారు, సుమారు 145 కోట్ల రూపాయలు పెట్టి. 2027లో పెర్త్ టీము, 2028లో పాపువా న్యూ గినీ టీము వస్తాయి. గినీ టీము కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళలో 60 కోట్ల డాలర్లు ఇస్తోంది, చైనా అటువైపు రాకూడదని. "ఆట పద్దులో విదేశాంగ శాఖా!" అని మామయ్యగారు పక్కసీటు అబ్బాయి ఉలిక్కిపడేలా అన్నారు.

ఇప్పుడున్న టీవీ ఒప్పందం 2027తో అయిపోతుంది. ఫాక్స్‌టెల్, కాయో 2025లో డాజోన్ అనే లండన్ కంపెనీ చేతికి వెళ్ళాయి. వాళ్ళు ఎంత పెడతారో, మా 30 డాలర్లు ఎంతవుతాయో చూడాలి. హోటల్ కొనడం నాకు నచ్చింది, టీవీవాడు చెయ్యిచ్చినా అద్దె వస్తుంది. మామయ్యగారికి నచ్చలేదు, ఏడాది జీతాలకి సరిపడా ఎఫ్‌డీ చేసి ఆ తర్వాత హోటళ్ళు కొనుక్కోమంటారు. కామెంట్లలో మీరే తేల్చండి.

పొద్దున్నే లేచి లీగ్ వార్షిక నివేదిక ప్రింట్ కావాలన్నారు. ఫోన్లో చదవరట, పెన్సిలుతో టిక్కులు పెట్టాలట. లైబ్రరీలో పేజీకి 20 సెంట్లు, 11 రూపాయల 60 పైసలు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆటగాళ్ళ ఫొటోలొద్దమ్మా, ఖర్చుల పేజీలు చాలు. రెండు వైపులా తియ్యి" అన్నారు.