రూపాయి వడ్డీ నుంచి బ్యాలెన్స్ షీటు దాకా

ఈ ఏడాది ఎంబీఏ ఫైనాన్స్‌లో చేరిన విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఇందాక ఆడిటోరియం బయట ఒక తండ్రిగారు, "రెండేళ్లు చదివితే ఏ షేరు కొనాలో మావాడు చెప్పగలడా సార్?" అని అడిగారు. చెప్పలేడండీ. చెప్పగలనని ధీమాగా అన్నాడంటే మా బోధనలోనే ఎక్కడో లోపం జరిగిందనుకోవాలి. మేము నేర్పేది, ఒక అంకె కనబడగానే అది ఏ తేదీ నాటిది, ఏ ఊహ మీద నిలబడి ఉంది అని ఆరా తీయడం.

మొదటి వారంలో చేయించే లెక్క చూడండి. లక్ష రూపాయల అప్పు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. వడ్డీ 12 వేలు కలిపి, మొత్తాన్ని 12 వాయిదాలు చేసి, నెలకు 9,333 రూపాయలు కట్టమంటారు. మన భాషలో నూటికి రూపాయి వడ్డీ అనుకొని సంతకం పెడతాం. కానీ నెలనెలా అసలు కూడా తీరుస్తున్నాం కదా. చివరి నెలకు ఎనిమిది వేల చిల్లర అసలే మిగిలినా, ఆ నెల సైతం లక్షకు వేసిన వెయ్యి రూపాయల వడ్డీనే కడుతున్నాం. ప్రతి వాయిదాకూ దాని తేదీ తగిలించి లెక్కగడితే అది రూపాయి వడ్డీ కాదు, దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ, అంటే ఏడాదికి 21 శాతం పైమాటే. మీ ఇళ్లలోని చిట్టీలకూ ఇదే సూత్రం. మూడో నెలలో పాడుకున్నవారు అప్పు చేసినట్టు, చివరిదాకా ఆగినవారు దాచుకున్నట్టు.

కంపెనీ విలువ కట్టడానికీ ఇదే లెక్క పనికొస్తుంది, అయితే అక్కడ ఊహల పాలు ఎక్కువ. వచ్చే ఏడాది చేతికి 100 కోట్లు వచ్చి, ఆపై అది ఏటా 6 శాతం పెరుగుతూ పోతుందనుకొని, 12 శాతం డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) వేస్తే విలువ సుమారు 1,667 కోట్లు. అదే రేటును 11 శాతం చేస్తే 2,000 కోట్లు. కంపెనీలో ఏమీ మారలేదు, ఎక్సెల్‌లో ఒక గడి మారింది, అంతే.

1952లో అమెరికన్ ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ ప్రతిపాదించిన పోర్ట్‌ఫోలియో సిద్ధాంతాన్ని, అంటే పొదుపును వేర్వేరు ఆస్తుల్లో పంచి నష్టభయం తగ్గించుకునే పద్ధతిని, గణితంగా నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు, మన ఊరికి అన్వయించుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులు, పొదుపంతా ఐటీ షేర్లలో ఉంది, గచ్చిబౌలిలో అప్పు చేసి కొన్న ఫ్లాటులో అద్దెకు ఉన్నదీ మరో ఐటీ ఉద్యోగే. పది కంపెనీల షేర్లున్నాయి కాబట్టి భయం లేదని వారు అనుకుంటారు గానీ, జీతం, షేర్లు, అద్దె అన్నీ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఎన్ని ఆస్తులున్నాయన్నది కాదు, అవి ఒకేసారి పడిపోతాయా లేదా అన్నదే కోవేరియన్స్ చెప్పే సంగతి. ఆప్షన్లు, బాండ్లు, విదేశీ మారకం వంటివన్నీ రెండో ఏట వస్తాయి, ఇప్పుడు వాటి జోలికి పోను.

హైదరాబాద్‌లో ఫైనాన్స్ చదువుతూ సత్యం కంప్యూటర్స్ అనే ఐటీ కంపెనీ లెక్కల మోసాన్ని దాటిపోవడం కుదరదు. 2008 సెప్టెంబరు 30 నాటికి 5,361 కోట్లుగా చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7 నాటి లేఖలో ఒప్పుకున్నారు. ఆ త్రైమాసికానికి ఆదాయంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమే. సాధారణంగా బ్యాలెన్స్ షీటులో గుడ్‌విల్ (కంపెనీ పేరుప్రతిష్ఠలకు కట్టిన విలువ) వంటి పద్దులనే అనుమానిస్తాం, బ్యాంకు నిల్వ దగ్గర చూపు ఆగదు. మోసం సరిగ్గా అక్కడే జరిగింది. అందుకే నిల్వ ధ్రువీకరణను కంపెనీ చేతి మీదుగా కాక, ఆడిటరు నేరుగా బ్యాంకు నుంచే ఎందుకు తెప్పించుకోవాలో ఆడిటింగ్ పాఠంలో ఒక తరగతంతా చర్చిస్తాం.

సోమవారం మొదటి తరగతికి మీ ఇంట్లోని ఏదో ఒక అప్పు కాగితం, బైకుదైనా బంగారానిదైనా, పేరూ ఖాతా నంబరూ కనబడకుండా కొట్టేసి తీసుకురండి. క్యాలిక్యులేటరు కూడా తెచ్చుకోండి. ఎక్సెల్ మూడో వారం దాకా తెరవనివ్వను.