టికెట్ కొన్నవాళ్లనీ పట్టుకెళ్లారు: అర్జెంటీనాలో మెర్సెడెస్ సోసా కచేరీలు

[తెరపై: దక్షిణ అమెరికా పటం. అర్జెంటీనా, అందులో లా ప్లాతా ఊరి దగ్గర ఎర్ర చుక్క]

పాట పాడినందుకు జైలుకెళ్లిన వాళ్ల కథలు మనం చాలానే విన్నాం. పాట విన్నందుకు? అదీ జరిగింది, 1970ల చివర్లో, అర్జెంటీనాలో.

లా ప్లాతా అని ఒక యూనివర్సిటీ ఊరు. రాజధాని బ్యూనోస్ ఎయిరీస్‌కి ఓ 60 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ మెర్సెడెస్ సోసా కచేరీ జరుగుతోంది. జానపదం పాడే మనిషి, అప్పటికే దేశమంతా ఎరిగిన గొంతు. పోలీసులు స్టేజీ ఎక్కారు. జనం చూస్తుండగానే ఆమెను సోదా చేశారు, అరెస్టు చేశారు. అంతటితో ఊరుకోలేదు, ఎదురుగా కూర్చుని వింటున్న వాళ్లని కూడా తీసుకెళ్లారు. విదేశాల నుంచి ఒత్తిడి వచ్చాక గానీ వదల్లేదు.

సోసా గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఆమె గొంతు గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మీదే ధ్యాస. వాళ్లెందుకు వెళ్లారు, వెళ్లి ఏం చేశారు?

[తెరపై: 1976 మార్చి 24 నాటి పత్రికల మొదటి పేజీలు]

ముందు కాలం సంగతి. 1976 మార్చి 24న సైన్యం అధికారం గుంజుకుంది. జనరల్ విదేలా గద్దెనెక్కాడు. ఆ తర్వాత ఏడేళ్లలో వేలమందిని ఇళ్ల నుంచీ, వీధుల నుంచీ ఎత్తుకుపోయారు. వాళ్లు మళ్లీ కనిపించలేదు. ప్రజాస్వామ్యం వచ్చాక వేసిన కమిషన్ దాదాపు 9,000 మంది పేర్లు నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు 30,000 అంటాయి. 1977 ఏప్రిల్ నుంచి తల్లులు రాష్ట్రపతి భవనం ఎదుట ఉన్న ప్లాసా దె మాయో చౌకులో చేరి, మా పిల్లలెక్కడ అని అడగడం మొదలుపెట్టారు. నలుగురు ఒకచోట చేరితేనే అనుమానంగా చూసే రోజులు. కచేరీ అంటే నలుగురు కాదు కదా, వందలమంది.

ఇక సోసా. 1935 జులై 9న, ఉత్తరాన చెరకు పండే తుకుమాన్‌లో పుట్టింది. నాన్న చక్కెర మిల్లు కూలీ, అమ్మ ఇళ్లల్లో బట్టలుతికేది. అక్కడి మూలవాసుల రక్తం ఆమె ముఖంలోనే తెలిసిపోతుంది. పదిహేనేళ్లప్పుడు రేడియో పోటీలో దొంగపేరుతో పాడి గెలిచింది. ఇంట్లో తెలిస్తే ఊరుకోరని! 1963లో మెండోసాలో కొందరు కవులూ పాటగాళ్లూ కలిసి ‘కొత్త పాట’ ఉద్యమం మొదలుపెడితే అందులో తనూ ఉంది. జానపదమంటే టూరిస్టులకి చూపించే రంగుల బొమ్మ కాకూడదు, ఈనాటి కూలీ బతుకు అందులో వినపడాలి అన్నది వాళ్ల మాట.

1965లో కోస్కిన్ ఊళ్లో జరిగే జానపద ఉత్సవంలో నిర్వాహకులు ఆమెను పిలవలేదు. హోర్హె కఫ్రూనె అనే పేరున్న గాయకుడు తన వంతు వచ్చినప్పుడు, వాళ్లకి ఇష్టం లేకపోయినా, ఆమెను స్టేజీ మీదకి పిలిచాడు. సోసా ఒక్క బొంబోతో పాడింది.

[తెరపై: బొంబో డోలు దగ్గరి చిత్రం. రెండు దరువులు, ఆగి మళ్లీ]

బొంబో అంటే చెట్టు మొద్దు తొలిచి, రెండు వైపులా తోలు బిగించిన పెద్ద డోలు. మన ఊళ్లో డప్పు మోగితే పక్క వాడ దాకా ఎలా తెలుస్తుందో, ఇదీ మైదానాల్లో అంత దూరం పోతుంది. కోస్కిన్‌లో ఆ రోజుతో దేశానికి ఆమె పేరు తెలిసింది.

లా ప్లాతా అరెస్టు తర్వాత సొంత దేశంలో పాడే దారి మూసుకుపోయింది. 1979లో వెళ్లిపోయింది. ముందు పారిస్, తర్వాత మాడ్రిడ్.

[తెరపై: ‘1982 ఫిబ్రవరి’ అన్న అక్షరాలు]

మూడేళ్లకి తిరిగొచ్చింది. సైన్యం ఇంకా గద్దె మీదే ఉంది. కాకపోతే ధరలు, అప్పులు నెత్తి మీదకొచ్చి పట్టు సడలుతోంది. బ్యూనోస్ ఎయిరీస్‌లో, కొరియెంతెస్ వీధిలోని ఒపెరా థియేటర్లో ఆమె కచేరీలు పెట్టారు. మొత్తం 13. అన్నీ హౌస్‌ఫుల్.

వినడానికి సంబరంలా ఉంటుంది. కానీ టికెట్ క్యూలో నిలబడ్డ మనిషి మనసులో ఏముంటుందో చూడండి. అంతకు ఆరు నెలల ముందే, 1981 ఆగస్టులో, నాటకాలవాళ్లు సర్కారుని ధిక్కరించి ఉత్సవం పెడితే, వాళ్ల పికాదెరో థియేటర్ బాంబులు పడి తగలబడిపోయింది. అదే నగరం. లా ప్లాతా సంగతీ అందరికీ తెలుసు. అన్నీ తెలిసే వెళ్లి కూర్చున్నారు.

కూర్చుని ఏం విన్నారు? ఇక్కడే నాకు అసలు ఆసక్తి. ఆ పాటల్లో జనరల్ పేరు లేదు, సైన్యం డౌన్ డౌన్ అని లేదు. ‘గ్రాసియాస్ ఆ లా విదా’ ఉంది. కళ్లిచ్చావు, చెవులిచ్చావు, నడిచే కాళ్లిచ్చావు అని బతుక్కి దండం పెట్టే పాట. చిలీ గాయని వియోలెతా పర్రా రాసింది, చనిపోవడానికి కొంచెం ముందు. ఇందులో ఏ లైను కొట్టేస్తాడు సెన్సారు అధికారి?

ఇంకోటి మరియా ఎలెనా వాల్ష్ రాసిన ‘కోమొ లా సిగార్రా’. కీచురాయిలాగా ఎన్నిసార్లు చంపినా, పాతిపెట్టినా, భూమిలోంచి లేచొచ్చి ఎండలో పాడుతున్నా అని దాని సారాంశం. ఇది సైన్యం రాకముందు పాట. ఈ నియంతల్ని చూసి రాసింది కాదు. కానీ 1982లో, ప్రవాసం నుంచి వచ్చిన మనిషి నోట, పిల్లలు మాయమైన ఇళ్లవాళ్లు వింటుంటే, ఆ ‘చంపారు’ అన్న మాటకి అర్థం ఎవరు చెప్పాలి? సగం పాట జనమే రాసుకున్నారు. పాడినామెని అరెస్టు చేస్తే చాలదని లా ప్లాతా పోలీసులకి అనిపించింది ఇందుకేనేమో.

ఆ రాత్రుల్ని రికార్డు చేసి డబుల్ ఆల్బంగా తెచ్చారు. అందులో చప్పట్లు కూడా వినండి. లియోన్ జియేకో, చార్లీ గార్సియా లాంటి రాక్ కుర్రాళ్లు కూడా ఆ స్టేజీ ఎక్కారు. జానపదం వినే పెద్దవాళ్లూ, గిటారు పిచ్చి ఉన్న కాలేజీ పిల్లలూ మామూలుగా ఒక హాల్లో కూర్చునే రకాలు కారు.

[తెరపై: ప్లాసా దె మాయో, 1982]

ఇక్కడ ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది, పాట నియంతని దించేసిందని. అలా జరగలేదు. మార్చి 30న కార్మికులు ప్లాసా దె మాయో వైపు ఊరేగింపు తీస్తే పోలీసులు చితకబాదారు. మూడు రోజులకే, ఏప్రిల్ 2న, సైన్యం మాల్వినాస్ దీవుల్లో దిగింది. బ్రిటన్ ఏలుబడిలో ఉన్నవి, వాళ్లు ఫాక్లాండ్స్ అనేవి. అదే చౌకులో వేలమంది చేరి జేజేలు కొట్టారు. వాళ్లలో ఒపెరా థియేటర్లో చప్పట్లు కొట్టిన చేతులు లేవని నేను గట్టిగా చెప్పలేను.

జూన్ 14న బ్రిటన్ చేతిలో ఓడిపోయారు. సైన్యం పరువు పోయింది అక్కడే. 1983 అక్టోబర్ 30న ఎన్నికలు పెట్టక తప్పలేదు.

ఈ మధ్యలో ఒక తమాషా జరిగింది. యుద్ధం రోజుల్లో రేడియోలో ఇంగ్లీషు పాటలు వెయ్యొద్దన్నారు. మరి ఏం వెయ్యాలి? సొంత భాష పాటలు కావాలి. అలా జియేకో పాట ‘సోలొ లె పిదొ ఆ దియోస్’ ఊరూరా మోగింది. సోసాతో కలిసి ఫిబ్రవరిలో ఆ స్టేజీ మీద పాడిందే. యుద్ధం పట్ల నాకు పట్టనితనం రానివ్వకు, దేవుడా అని వేడుకునే పాట. యుద్ధం జరుగుతుండగా దాన్ని ఇంటింటికీ చేర్చింది జనరళ్ల ఆర్డరే.